రాయని మాటకు ఎవరిది బాధ్యత?

నాలుగేళ్ల కిందట గుంటూరు దగ్గర ఒక స్కూలుకు హాజరు సాఫ్ట్‌వేర్ రాసిచ్చాను. పిల్లలెవరైనా బడికి రాకపోతే ఉదయం పదిన్నరకల్లా ఇంటికి ఎస్సెమ్మెస్ వెళ్లాలి, అదీ తెలుగులో. తెలుగు దగ్గర హెడ్‌మిస్ట్రెస్ గారు పట్టుబట్టారు. ఆ తల్లిదండ్రుల్లో చాలామంది మిర్చి కోతలకో, యార్డు పనికో పొద్దున్నే వెళ్లిపోయేవాళ్లు. ఇంగ్లిషు మెసేజ్ వస్తే చదివిపెట్టేవాళ్లను వెతుక్కోవాలి. మొదలుపెట్టిన రోజు పదకొండింటికి ఆవిడ ఫోన్ చేశారు. “బాబూ, అందరి ఫోన్లలోనూ వరసగా ప్రశ్నార్థకాలే వస్తున్నాయి. ఒకావిడ కంగారుపడి పని వదిలేసి బడికే వచ్చేసింది.”

ఎస్సెమ్మెస్‌లు పంపిపెట్టే కంపెనీ మాకిచ్చిన డాక్యుమెంటేషన్ మూడు పేజీల పీడీఎఫ్. అందులో ఒక యూఆర్ఎల్, ఐదు పారామీటర్లు, ఇంగ్లిషులో ఒక నమూనా మెసేజ్ ఉన్నాయి. మేం పంపిన ప్రతి రిక్వెస్టుకూ వాళ్ల సర్వర్ ‘సక్సెస్’ అనే జవాబిచ్చింది. సపోర్ట్‌కి ఫోన్ చేస్తే “సార్, మా వైపు డెలివరీ అయినట్టే చూపిస్తోంది” అన్నారు. టికెట్ పెట్టాం. రెండో రోజూ అదే మాట. మూడో రోజు వేరే కంపెనీలో పనిచేసే మిత్రుడొకడు దారి చెప్పాడు. రిక్వెస్టులో ఇంకో పారామీటర్ కలపాలట, మెసేజ్ యూనికోడ్‌లో ఉందని సర్వర్‌కు తెలియజేసేది. ఆ పారామీటర్ పేరు మూడు పేజీల్లో ఎక్కడా లేదు. నీకెలా తెలిసిందని అడిగితే, ఏడాది ముందు తనూ ఇలాగే మూడు రోజులు పోగొట్టుకున్నానన్నాడు.

తెలుగు సరిగ్గా వెళ్లడం మొదలైంది. నెలాఖరుకు బిల్లు చూస్తే అనుకున్నదానికి మూడింతలు. పీడీఎఫ్‌లో ‘ఒక మెసేజ్ 160 అక్షరాలు’ అని ఉంది. ఆ లెక్క ఇంగ్లిషుకే చెల్లుతుంది. ఒక ఎస్సెమ్మెస్‌లో పట్టేది 140 బైట్లు. ఇంగ్లిషు అక్షరానికి ఏడు బిట్లు చాలు కాబట్టి 160 పడతాయి. తెలుగులో ఒక్కో సంకేతానికి రెండు బైట్లు కావాలి, అందుకని 70 దగ్గర ఆగిపోతుంది. అది దాటితే మెసేజ్ ముక్కలవుతుంది. ముక్కలను మళ్లీ అతికించే సమాచారానికి కొంత చోటు పోగా ఒక్కో ముక్కకు మిగిలేవి 67. పైగా కంప్యూటర్ లెక్కపెట్టే అక్షరం మనం పలికే అక్షరం కాదు. ‘స్త్రీ’ మన కంటికి ఒక్కటే. కంప్యూటర్‌కు అది స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం, అంటే ఆరు. ‘మీ అబ్బాయి ఈరోజు బడికి రాలేదు’ అన్న వాక్యంలో బడిపిల్లలు 13 అక్షరాలు లెక్కపెడతారు. ఎస్సెమ్మెస్ ఖాళీలతో కలిపి 29 లెక్కపెడుతుంది. పిల్లవాడి పేరు, తరగతి, స్కూలు పేరు, ఫోన్ నంబరు చేర్చేసరికి 70 ఎప్పుడో దాటిపోతుంది. ఈ సంగతి ఒక్క వాక్యంలో రాసి ఉంటే స్కూలువాళ్లు మొదటే మెసేజ్ కుదించుకునేవాళ్లు. పోయిన డబ్బు వాళ్లు పుస్తకాలు కొనడానికి దాచుకున్నది.

ఒక సాఫ్ట్‌వేర్ మరో సాఫ్ట్‌వేర్‌ను పని అడగడానికి పెట్టుకున్న ఏర్పాటు ఏపీఐ. ఏది అడగొచ్చు, ఏ రూపంలో అడగాలి, ఏం జవాబొస్తుంది, పని జరక్కపోతే ఏ ఎర్రర్ వస్తుంది, ఇవన్నీ రాసి ఇచ్చేది డాక్యుమెంటేషన్. అది సరిగ్గా లేని చోట డెవలపర్ రోజంతా ఒక విలువ మార్చి పంపడం, ఏం తిరిగొచ్చిందో చూడటం, మళ్లీ మార్చడం. రాత్రికి పని అయినా ఎందుకు అయిందో తెలియదు కనుక రేపు ఆగిపోతే ఎందుకు ఆగిందో కూడా తెలియదు. నష్టం అక్కడితో ఆగదు. ఎవరో రాయకుండా వదిలేసిన వాక్యానికి సంజాయిషీ చెప్పుకోవాల్సింది వాడకందారుకు దగ్గరగా ఉన్నవాడు. హెడ్‌మిస్ట్రెస్ గారికి ఆ ఎస్సెమ్మెస్ కంపెనీ పేరు కూడా తెలియదు. ఆవిడకు తెలిసింది నేను. సాఫ్ట్‌వేర్ పనిలో ఉన్న ప్రతివాళ్లకూ ఇలాంటి కథ ఒకటి ఉంటుంది, అందులోని కోపం న్యాయమైనదే.

అవతలి వైపూ న్యాయం ఉందని ఒప్పుకోవడానికి నాకు చాలా కాలం పట్టింది. ఒప్పించింది మా పిన్ని కూతురు. మాదాపూర్‌లో ఒక ఏపీఐ కంపెనీ సపోర్ట్ టీములో రాత్రి షిఫ్టు చేస్తుంది. సంక్రాంతికి ఊరొచ్చినప్పుడు నేను ఈ ప్రశ్నార్థకాల సంగతి ఆవేశంగా చెబుతుంటే చివరిదాకా విని ఇలా అంది. “అన్నయ్యా, నీకు ఫోన్లో జవాబు చెప్పిన అమ్మాయికి ఆ పారామీటర్ సంగతి తెలిసి దాచిందనుకుంటున్నావా? మాకూ మీకిచ్చిన పీడీఎఫే ఇస్తారు. కోడ్ చూసే యాక్సెస్ ఉండదు. రాసినాయన మానేసి రెండేళ్లవుతుంది. మేం ఇంజనీరింగ్ టీముకు టికెట్ పంపితే, వాళ్లు కొత్త ఫీచర్ డెడ్‌లైన్‌లో ఉంటారు. నువ్వు మూడు రోజులు ఎదురుచూశావు. నేను ఏడాదిగా ఎదురుచూస్తున్న టికెట్లున్నాయి.”

ఆ మాట నన్ను ఆపేసింది. నేను తిట్టుకున్న మనిషి నాలాగే బయట నిలబడి ఉంది. రాయనిది ఎవరు, ఎందుకు రాయలేదు అన్నది అక్కడినుంచే వెతకడం మొదలుపెట్టాను.

రాయకపోవడానికి సోమరితనం ఒక్కటే కారణమని చాలామంది అనుకుంటారు. భయం కూడా ఒక కారణం, అది అర్థంలేని భయమూ కాదు. రాసిన ప్రతి వాక్యం ఒక హామీ అవుతుంది, రేపు మార్చుకునే స్వేచ్ఛ పోతుంది. ఈ వాదనలో బలం ఎంతో చూడాలంటే విండోస్ చరిత్రలో ఒక సంగతి చెప్పుకోవాలి. ప్రోగ్రామర్ జోయెల్ స్పాల్‌స్కీ 2000లో రాసిన ఒక వ్యాసంలో ఇది ఉంది. సిమ్‌సిటీ అనే ఆటలో ఒక బగ్ ఉండేది. తిరిగి ఇచ్చేసిన మెమొరీనే వెంటనే మళ్లీ చదివేది. పాత విండోస్‌లో ఆ మెమొరీ కాసేపు అలాగే పడి ఉండేది కాబట్టి ఆట నడిచిపోయేది. విండోస్ 95 తయారీలో అది పడిపోతుందని తేలింది. తప్పు ఆటది. అయినా విండోస్ బృందం, సిమ్‌సిటీ నడుస్తుంటే మాత్రం మెమొరీని వెంటనే విడుదల చెయ్యకుండా ఉండేలా తమ సిస్టమ్‌లో ప్రత్యేకంగా కోడ్ రాసింది. మాన్యువల్‌లో ఎవరూ ఇవ్వని హామీని వాళ్లు నిలబెట్టాల్సి వచ్చింది.

గూగుల్‌లో పనిచేసిన హైరమ్ రైట్ పేరుమీద ఒక సూత్రం ప్రచారంలో ఉంది. వాడేవాళ్లు తగినంత మంది ఉంటే, ఒప్పందంలో మీరు ఏం రాశారన్నదానితో పనిలేదు, మీ సిస్టమ్ పైకి ఎలా ప్రవర్తిస్తే దానిమీదల్లా ఎవరో ఒకరు ఆధారపడి ఉంటారని దాని సారం. ఏపీఐ ఇచ్చేవాళ్లు తమ కష్టం చెప్పుకోవడానికి దీన్ని ఎక్కువగా వాడతారు. నాకు మాత్రం ఇది రెండు వైపులా కోస్తుందనిపిస్తుంది. రాస్తే కట్టుబడిపోతామన్న భయంతో రాయకుండా ఉంటే ఆ కట్టుబాటు తప్పుతుందా? తప్పదు. జనం చూసినదాన్నే నమ్ముకుంటారు. రాయకపోవడం వల్ల మిగిలే స్వేచ్ఛ పేరుకే. రాసి ఉంటే, దీన్ని నమ్మండి, దీన్ని నమ్మకండి అని చెప్పే అవకాశమైనా దక్కేది.

ఆ అవకాశాన్ని బాగా వాడుకున్నది లైనక్స్. దాని గుండెకాయ అయిన కెర్నల్‌కు బయట ఉన్న ప్రోగ్రాములు వాడుకునే ఏర్పాట్లను ఎట్టి పరిస్థితిలోనూ చెడగొట్టకూడదని దాన్ని మొదలుపెట్టిన లైనస్ టోర్వాల్డ్స్ నియమం. ఆ విషయంలో ఆయన ఎంత కటువుగా ఉంటాడో ఆ లోకంలో అందరికీ తెలుసు. అదే కెర్నల్ లోపల డ్రైవర్లు వాడుకునే ఇంటర్‌ఫేస్‌లకు మాత్రం ఏ హామీ లేదు. లేదన్న సంగతిని దాచలేదు. గ్రెగ్ క్రోవా-హార్ట్‌మన్ ఒక పత్రమే రాసి కెర్నల్ సోర్సుతో పాటు పెట్టాడు: ఈ ఏపీఐ స్థిరంగా ఉండదు, ఎందుకు ఉండదంటే ఇందుకు, మీ డ్రైవర్‌ను కెర్నల్‌లోకి పంపితే మార్పులు మేమే చేసిపెడతాం. డ్రైవర్లు రాసే కంపెనీల్లో ఇది నచ్చనివాళ్లు చాలామంది ఉన్నారు. కానీ మోసపోయామని ఎవరూ అనలేరు. నిలకడ ఇవ్వలేనివాళ్లు కూడా నిజం రాసివ్వగలరు.

ఉచితంగా రాసిపెట్టేవాళ్ల సంగతి విడిగా చూడాలి, ఎందుకంటే డెవలపర్ల కోపం తరచూ తప్పు చిరునామాకు వెళ్లేది ఇక్కడే. 2014 ఏప్రిల్‌లో హార్ట్‌బ్లీడ్ అనే లోపం బయటపడినప్పుడు ప్రపంచానికి ఒక విషయం తెలిసింది. ఆ లోపం ఉన్న, బ్యాంకులూ ప్రభుత్వాలూ రోజూ వాడే ఓపెన్‌ఎస్ఎస్ఎల్ లైబ్రరీకి ఏడాదికి వస్తున్న విరాళాలు దాదాపు 2,000 డాలర్లు. పూర్తికాలం పనిచేసేది ఒక్క మనిషి. ఆ మనిషిని ‘డాక్యుమెంటేషన్ ఇంత అధ్వానంగా ఉందేమిటి’ అని అడిగే హక్కు కోట్ల వ్యాపారం చేసుకునే కంపెనీకి ఎక్కడిది? 2022 జనవరిలో, లాగ్‌ఫోర్‌జే అనే జావా లైబ్రరీలో లోపం బయటపడ్డ మరుసటి నెల, ఇంటర్నెట్ నుంచి డేటా తెచ్చే కర్ల్ అనే ఉచిత సాధనం రచయిత డానియెల్ స్టెన్‌బర్గ్‌కు ఒక పెద్ద అమెరికా కంపెనీ నుంచి ఉత్తరం వచ్చింది. మీ సాఫ్ట్‌వేర్‌లో లాగ్‌ఫోర్‌జే ఉందా, మీరు తీసుకున్న చర్యలేమిటి, 24 గంటల్లో జవాబివ్వండి. కర్ల్ లాగ్‌ఫోర్‌జేని వాడదు. ఆయనకూ ఆ కంపెనీకీ ఏ ఒప్పందమూ లేదు, వాళ్లు ఆయనకు ఒక్క డాలర్ ఇచ్చిందీ లేదు. సపోర్ట్ కాంట్రాక్టు కుదుర్చుకోండి, సంతోషంగా చెబుతానని ఆయన జవాబిచ్చాడు. అది న్యాయమైన జవాబు.

ఈ కర్ల్‌నే ఎదురు సాక్ష్యంగా కూడా పిలవాలి. 1998లో మొదలైన ఈ చిన్న ప్రాజెక్టు డాక్యుమెంటేషన్ ఎన్నో పెద్ద కంపెనీల ఏపీఐలకన్నా మేలు. ప్రతి ఆప్షన్‌కూ వివరణ ఉంటుంది, ఏ వెర్షన్‌లో చేరిందో ఉంటుంది. దాని లైబ్రరీని 2006లో వాడటం నేర్చుకున్న ప్రోగ్రాము ఇవాళ్టి వెర్షన్‌తోనూ నడుస్తుంది. కాబట్టి డబ్బు లేకపోవడం ఒక కారణమే, మొత్తం కారణం మాత్రం కాదు. డాక్యుమెంటేషన్ కూడా పనిలో భాగమని ఆ బృందం మొదటినుంచీ అనుకుంది. మిగతావాళ్లం అనుకోలేదు. గిట్‌హబ్ 2017లో చేసిన సర్వేలో 93 శాతం మంది అసంపూర్తి డాక్యుమెంటేషన్, పాతబడిన డాక్యుమెంటేషన్ పెద్ద సమస్య అన్నారు. అదే సర్వేలో ఓపెన్ సోర్స్‌కు కోడ్ ఇచ్చేవాళ్లలో 60 శాతం మంది, డాక్యుమెంటేషన్‌కు తామెప్పుడూ సాయం చెయ్యలేదనో అరుదుగా చేశామనో చెప్పారు. ఈ రెండు అంకెలూ ఒకే సర్వేలోవి. బాధపడేదీ మనమే, చెయ్యి వెయ్యనిదీ మనమే.

రాసి ఉన్నా చదవనివాళ్ల సంగతి కూడా చెప్పాలి, అది మన ఇంటి కథ. 2025 ఏప్రిల్ 12న యూపీఐ కొన్ని గంటలపాటు మొరాయించింది. కూరగాయల బండి దగ్గరా పెట్రోల్ బంకులోనూ మనం ఫోన్లు పట్టుకుని నిలబడిపోయాం. లావాదేవీ జరిగిందా లేదా అని కనుక్కునే ‘చెక్ ట్రాన్సాక్షన్’ ఏపీఐ మీద ప్రశ్నలు వెల్లువెత్తడం వల్ల ఇది జరిగిందని యూపీఐని నడిపే ఎన్‌పీసీఐ తేల్చింది. కొన్ని బ్యాంకులు పాత లావాదేవీల గురించి కూడా పదేపదే అడుగుతున్నాయట. మొదటి ప్రశ్న అడిగే ముందు ఎంతసేపు ఆగాలో నిబంధన అప్పటికే ఉంది. డాక్యుమెంటేషన్ లేకపోవడం ఇక్కడ సమస్య కాదు. తర్వాత నిబంధనలు బిగించారు. ఆగస్టు 1 నుంచి ఒక యాప్‌లో రోజుకు 50 సార్లకు మించి బ్యాలెన్స్ చూడటం కుదరదన్న పరిమితి మనదాకా వచ్చింది. ఈ సంఘటనలో నేను ఎన్‌పీసీఐ వైపే మొగ్గుతాను. ఒక్క మినహాయింపు ఉంది. కోట్లమంది నడిచే దారిలో కాగితం మీది పరిమితిని సర్వర్ కూడా అమలు చెయ్యాలి. ఎవరో చదువుతారు, పాటిస్తారు అన్న నమ్మకంతో అంత పెద్ద వ్యవస్థను వదిలెయ్యకూడదు.

రాయడం అంటే పేజీలు నింపడమా అన్న ప్రశ్నకు నాకు తెలిసినంతలో గట్టి జవాబు ఐరోపాలో దొరికింది. మైక్రోసాఫ్ట్ తన సర్వర్లు మాట్లాడుకునే పద్ధతిని దాచిపెట్టి, ఇతరుల సర్వర్లు విండోస్‌తో సరిగా కలవకుండా చేస్తోందని 1998లో సన్ మైక్రోసిస్టమ్స్ ఐరోపా కమిషన్‌కు ఫిర్యాదు చేసింది. 2004 మార్చిలో కమిషన్ 49.7 కోట్ల యూరోల జరిమానా వేసి, ఆ సమాచారాన్ని పోటీదారులకు రాసి ఇమ్మని ఆదేశించింది. ఏపీఐలాంటి సాంకేతిక సమాచారం ఒక పెద్ద కంపెనీ దయాదాక్షిణ్యాల మీద ఉండకూడదని ఒక ప్రభుత్వ వ్యవస్థ గట్టిగా చెప్పిన సందర్భమది. మైక్రోసాఫ్ట్ రాసింది. వందలమంది కలిసి 30,000 గంటలకు పైగా పనిచేసి 12,000 పేజీలకు పైగా ఇచ్చామంది. ఆ లెక్క నిజమే కావచ్చు. కానీ ఆ కాగితాలను పరీక్షించడానికి నియమించిన నీల్ బారెట్ అనే కంప్యూటర్ శాస్త్రవేత్త తేల్చింది వేరు. వీటిని పెట్టుకుని నిజంగా ఒక ఉత్పత్తి తయారుచేద్దామని కూర్చున్న ఏ ప్రోగ్రామర్ బృందమూ ముందుకు సాగలేదన్నాడు. 2006లో కమిషన్ మరో 28.05 కోట్ల యూరోల జరిమానా వేసింది. 2007 సెప్టెంబరులో ఐరోపా కోర్టు కమిషన్ 2004 నిర్ణయాన్ని చాలావరకు సమర్థించింది. ఆ డిసెంబరులోనే, ఏళ్ల తరబడి నెట్‌వర్క్ మీద పోయే సందేశాలను గమనిస్తూ విండోస్ పద్ధతులను ఊహించి రాసుకున్న సాంబా బృందానికి, 10,000 యూరోలు ఒక్కసారి కట్టించుకుని అసలు పత్రాలు ఇచ్చారు.

మైక్రోసాఫ్ట్ ఇంజనీర్ల స్థానంలో నన్ను ఊహించుకుంటే వాళ్ల ఇబ్బంది కూడా అర్థమవుతుంది. పదిహేనేళ్లుగా పెరిగిన కోడ్. రాసినవాళ్లు కొందరు వెళ్లిపోయారు. ఎవరికీ మొత్తం తెలియదు. మా చెల్లెలు చెప్పిన పరిస్థితే, ఎన్నో రెట్లు పెద్దది. అయినా బారెట్ వాడిన కొలత సరైనది. ఎన్ని పేజీలు రాశారో, ఎన్ని గంటలు కూర్చున్నారో అతను అడగలేదు. కొత్తవాడు ఈ కాగితంతో పని మొదలుపెట్టగలడా లేదా అని చూశాడు. నా చేతిలో ఉన్న మూడు పేజీలైనా, వాళ్ల 12,000 పేజీలైనా నిలబడాల్సింది ఆ పరీక్షకే.

సపోర్ట్ ఆపేసి సేవనే మూసెయ్యడం విషయానికొస్తే, అన్ని మూసివేతలూ ఒకటి కావు. 2016 జనవరి 28న ఫేస్‌బుక్ తన పార్స్ సేవను మూసేస్తున్నట్టు ప్రకటించింది. మొబైల్ యాప్‌లకు వెనక సర్వర్‌గా ఉపయోగపడే ఆ సేవ మీద ఎన్నో చిన్న కంపెనీలు నిలబడి ఉన్నాయి. దెబ్బ గట్టిదే. కానీ ఏడాది గడువిచ్చారు, సర్వర్ కోడ్‌ను ఓపెన్ సోర్స్ చేశారు, డేటాను తరలించుకునే సాధనం ఇచ్చారు. ఇక 2023 జనవరి రెండో వారంలో ట్విటర్ ఏం చేసిందో చూడండి. 2007 నుంచి ఉన్న ట్విటరిఫిక్, ఎంతోమంది ఇష్టపడిన ట్వీట్‌బాట్ లాంటి బయటివాళ్ల యాప్‌లు ఒక్కసారిగా పనిచెయ్యడం మానేశాయి. కొన్ని రోజులపాటు ఎవరూ నోరు విప్పలేదు. తర్వాత, పాత నియమాలనే అమలు చేస్తున్నామన్నారు. ఆ నియమం ఏదో చెప్పలేదు. ఆ వెంటనే డెవలపర్ ఒప్పందంలో ఇలాంటి యాప్‌లను నిషేధించే వాక్యం కొత్తగా వచ్చి చేరింది. ఫిబ్రవరి 2న, ఉచిత ఏపీఐ 9వ తేదీ నుంచి ఉండదని ప్రకటించి, తర్వాత ఆ తేదీ వాయిదా వేశారు. తన సేవను మూసుకునే హక్కు, ధర పెట్టుకునే హక్కు ఏ కంపెనీకైనా ఉంది. దాన్ని నేను కాదనను. ఏళ్లతరబడి తన మీద నమ్మకంతో ఇల్లు కట్టుకున్నవాళ్లను కారణం చెప్పకుండా రాత్రికి రాత్రి వీధిలో నిలబెట్టే హక్కు మాత్రం ఎవరికీ లేదు.

ఇప్పుడు ఏఐ ఉంది కదా, డాక్యుమెంటేషన్ లేకపోయినా అదే రాసిపెడుతుందని కుర్రాళ్లు అంటుంటారు. నా అనుభవంలో అది చెప్పేది చదివినదాన్ని బట్టే. సరిగ్గా రాసి ఉన్న ఏపీఐ గురించి బాగానే చెబుతుంది. రాయని చోట, లేని పారామీటర్‌ను ఉన్నట్టే ధీమాగా రాసిచ్చేస్తుంది. ఎక్కడో ఒకచోట తెలిసిన మనిషి కూర్చుని రాయక తప్పదు.

ఇంతా తూచాక నా తీర్పు ఏమిటంటే, కోపం ఎంత న్యాయమన్నది అవతలివాళ్లు మననుంచి ఏం తీసుకుంటున్నారన్నదాన్ని బట్టి ఉంటుంది. డబ్బు తీసుకునే కంపెనీ అయితే డాక్యుమెంటేషన్ కూడా కొన్న సరుకులో భాగమే. లేకపోతే తూకంలో తగ్గించినట్టే. దాన్ని అడగడానికి డెవలపర్ బతిమాలాల్సిన పని లేదు. పన్ను కట్టడానికో, గుర్తింపు నిరూపించుకోవడానికో తప్పనిసరిగా వాడాల్సిన ప్రభుత్వ ఏపీఐల మీద ఈ బాధ్యత ఇంకా ఎక్కువ, ఎందుకంటే అక్కడ వేరే దుకాణానికి వెళ్లే వీల్లేదు. తన ఖాళీ సమయంలో రాసి ఊరికే ఇచ్చినవాడి దగ్గర మాత్రం మనకున్నది అడిగే చనువే. అక్కడ తెలుసుకున్నదాన్ని రాసి తిరిగి ఇవ్వడం మన వంతు. నా మిత్రుడు ఏడాది ముందే ఆ పారామీటర్ సంగతి నలుగురికీ కనిపించే చోట రాసి ఉంటే నాకు మూడు రోజులు మిగిలేవి. నేనూ తెలిసిన వెంటనే రాయలేదు. ఆ తప్పు ఒప్పుకుంటున్నాను.

ఇది కొత్తగా కనిపెట్టాల్సిన విద్య కూడా కాదు. 1971 నవంబరు 3 తేదీతో యూనిక్స్ మొదటి మాన్యువల్ వచ్చింది. రాసినవాళ్లు కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ. ప్రతి కమాండ్‌కూ కొన్ని శీర్షికలు ఉంటాయి: పేరు, వాడే తీరు, వివరణ, వగైరా. వాటిలో చివరికొచ్చే రెండింటి మీద నాకు ఎంతో గౌరవం. ఒకటి ‘బగ్స్’. అంటే, మేం రాసిన ఈ ప్రోగ్రాములో ఇవి సరిగా పనిచెయ్యవని రాసినవాళ్లే ఒప్పుకునే చోటు. రెండోది ‘ఓనర్’. ఏదైనా తేడా వస్తే అడగాల్సిన మనిషెవరో చెప్పే చోటు. ఇప్పటి ఏపీఐ పేజీలకు రంగులున్నాయి, నొక్కితే పనిచేసే నమూనాలున్నాయి. ఈ రెండు శీర్షికలే చాలాచోట్ల కనబడవు. ఎస్సెమ్మెస్ కంపెనీ పీడీఎఫ్‌లో ‘బగ్స్’ అని ఒక శీర్షిక ఉండి, దాని కింద ‘ఇంగ్లిషు కాని భాషలకు ఇంకో పారామీటర్ కావాలి, లెక్క 70’ అన్న ఒక్క ముక్క ఉంటే ఆ తల్లి పని వదిలి బడికి పరుగెత్తేది కాదు. ‘ఓనర్’ కింద ఒక మనిషి పేరుంటే, ఫోనెత్తిన అమ్మాయి రెండు రోజులపాటు నాకు అదే మాట అప్పగించాల్సిన అవసరం పడేది కాదు.

ఇది చదువుతున్నవాళ్లలో ఏపీఐ రాసే బృందాల్లో పనిచేసేవాళ్లు తప్పకుండా ఉంటారు. హైదరాబాదులో, బెంగళూరులో, డాలస్‌లో మనవాళ్లు ఎంతమంది లేరు! మీకు ఒక విన్నపం. ఈ వారంలో ఒక గంట తీసుకోండి. మీ ఏపీఐకి ఒక తెలుగు వాక్యం పంపి చూడండి. మీ డాక్యుమెంటేషన్‌లో ‘అక్షరాలు’ అని ఉన్న ప్రతిచోటా అది బైట్లా, యూనికోడ్ సంకేతాలా, కంటికి కనిపించే అక్షరాలా అన్నది రాయండి. పనిచెయ్యనివి ఏవో ఆ కిందే రాయండి. మీ సపోర్ట్ టీములో రాత్రి షిఫ్టు చేసే అమ్మాయికి, జవాబు తెలియనప్పుడు ఎవరిని అడగాలో ఒక పేరు ఇవ్వండి.